ప్రాజెక్టు డైరీ: ‘ఊరి టీవీ, మరో ఐదు కథలు’ అచ్చులోకి ఎలా వచ్చింది

ముందు వార్త. నా సైన్స్ ఫిక్షన్, హారర్ కథలు ఆరు కలిపి పుస్తకం వచ్చింది. రెండు కథలు ఇదివరకు పత్రికల్లో వచ్చినవి, నాలుగు కొత్తవి. 144 పేజీలు, డెమీ సైజు, వెల 220 రూపాయలు. రచన నుంచి పోస్టు దాకా అన్నీ దగ్గరుండి చేసుకున్నాను కాబట్టి ఎక్కడ ఆగిందో, ఏది మార్చానో, ఎంతైందో ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇలాంటి కథలు రాసి సొంతంగా వేసుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ రెండు రకాల కథల్లో అచ్చు పని కూడా రచనలో భాగమే. కుటుంబ కథలో ఒక వత్తు ఎగిరిపోతే పాఠకుడు సర్దుకుని చదువుకుంటాడు. భయం కథలో సరిగ్గా ఆ వాక్యంలోనే వత్తు ఎగిరిపోతే ఆ భయం మళ్లీ పుట్టదు. సైన్స్ కథలో ఒక్క అంకె తేడా వచ్చినా నమ్మకం పోతుంది. ఈ డైరీ పొడుగునా ఆ రెండింటి కోసం పడ్డ పాట్లే ఉంటాయి.

దశ 1: అంకెల తనిఖీ

పుస్తకానికి పేరిచ్చిన కథకు ఆధారం ఒక నిజమైన ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు మన దేశంలో ‘సైట్’ (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) నడిచింది. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఇస్రో ఏడాది పాటు వాడుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఊరుమ్మడి టీవీ పెట్టెలు హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. కోళ్ల గూళ్లకు కొట్టే తీగ వలతో చేసిన పది అడుగుల గొడుగే యాంటెనా. 860 మెగాహెర్ట్జ్ మీద సిగ్నల్ వచ్చేది. ఆ ఉపగ్రహాన్ని 1979లో ఆపేశారు.

నా కథలో పంచాయతీ ఆఫీసు కొట్టులో పడి ఉన్న ఆ పెట్టె ఇప్పుడు వెలుగుతుంది. అనౌన్సరు మాట్లాడుతుంది. ఒక పిల్లాడు జవాబు చెబుతాడు. ఆమె వింటుంది.

మొదటి ప్రతిలో ఆమె వెంటనే బదులిచ్చేది. లెక్క వేసి చూశాక ఆ భాగమంతా తిరగరాశాను. లెక్క ఇదీ:

1. ఉపగ్రహం ఎత్తు సుమారు 36,000 కిలోమీటర్లు.
2. మాట కింది నుంచి పైకి, పైనుంచి కిందికి రావాలి: 72,000 కిలోమీటర్లు.
3. రేడియో తరంగం వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. అంటే 0.24 సెకను.
4. ప్రశ్న వెళ్లి జవాబు రావాలంటే దానికి రెండింతలు: 0.48 సెకను.

అర సెకను. మాటకీ మాటకీ మధ్య చెవికి స్పష్టంగా తెలిసే ఖాళీ అది. ఈ అంకె చేతికొచ్చాకే కథకు అసలు ముగింపు దొరికింది. మొదటి సంభాషణలో ఆ ఖాళీ ఉంటుంది. రెండో రాత్రి కాస్త తగ్గుతుంది. మూడో రాత్రి అసలు ఉండదు. అంటే గొంతు పైనుంచి రావడం లేదు, గదిలోంచే వస్తోంది. ఈ సంగతి కథలో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. పాఠకుడే కనిపెట్టాలి, అందుకోసం అర సెకను లెక్కను నాలుగో పేజీలోనే స్కూలు సైన్సు మాస్టారి చేత బల్ల మీద సుద్దముక్కతో వేయించాను.

ఇంకో చిక్కు: ఊళ్లో ఉన్న పెట్టె సిగ్నల్ అందుకోగలదు గానీ పంపలేదు. మరి పిల్లాడి మాట పైకెలా వెళ్లింది? దీన్ని దాచితే తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. అందుకని పంచాయతీ గుమాస్తా చేత ముందే అనిపించాను, “ఇది వినిపిస్తుందిగానీ వినదు” అని. ఆ ఒక్క వాక్యం పడ్డాక జవాబు వచ్చిన చోట భయం రెట్టింపైంది.

ఆ ఉపగ్రహం ఒకే బొమ్మతో పాటు రెండు శబ్ద మార్గాలు పంపగలిగేది. ఒకే కార్యక్రమాన్ని రెండు భాషల్లో వినిపించడానికి అది ఏర్పాటు. రెండో మార్గం నాకు కథలో అక్కరకొచ్చింది. ఎలాగో మాత్రం ఇక్కడ చెప్పను.

‘ఐదు నుంచి పదిహేను’ సింగరేణి గనిలో జరిగే కథ. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. అంతకు తక్కువైతే గ్యాసు చాలదు, ఎక్కువైతే దానికి సరిపడా ఆక్సిజన్ ఉండదు. కథలో చిన్న భాగాలకు శీర్షికలుగా ఈ శాతాలే పెట్టాను. ప్రతిని మా మేనమామకు ఇచ్చాను, ఆయన గనిలో ఓవర్‌మన్‌గా, అంటే పని చూసే పర్యవేక్షకుడిగా చేసి రిటైరయ్యాడు. నాలుగు పేజీలు చదివి ఆపేశాడు. “గ్యాసు పైకప్పు దగ్గర చేరుతది అల్లుడా. దీపం పైకి లేపి చూస్తరు. నేల మీద చూసేది వేరే గాలి” అన్నాడు. మీథేన్ గాలి కన్నా తేలిక, పైన చేరుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న చెడుగాలి బరువు, అడుగున చేరుతుంది. ఆయన పెరట్లో నిలబడి, చెయ్యి ఎంత నెమ్మదిగా పైకి లేపాలో, వత్తి తగ్గించిన మంట మీద లేత నీలం వెలుగు ఎంత ఎత్తు లేస్తే గుండె ఝల్లుమంటుందో చేసి చూపించాడు. ఆ చెయ్యి లేపడమే ఇప్పుడు కథలో మొదటి పేరా. అంతకుముందున్న వర్ణన పేజీన్నర తీసేశాను.

గ్రహణం కథ ‘రెండు నిమిషాల పైన’ 1980 ఫిబ్రవరి 16న జరుగుతుంది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం దారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ పడింది. చీకటి రెండు నిమిషాలు దాటి ఉంది. చీకటిలో జరిగే భాగం చదవడానికి కూడా దాదాపు అంతే సమయం పట్టాలని నా పట్టుదల. పైకి చదువుతూ ఫోన్‌లో టైమర్ పెట్టి చూస్తే నిమిషానికి 110 మాటల చొప్పున పోతోంది. అంటే 240 మాటలు దాటకూడదు. మొదట అది 410 మాటలుంది. కోసేసింది చాలావరకు విశేషణాలే.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ కథకు అంకెల బాధ తక్కువ. అక్కడ పనిచేసేవాళ్లను అడిగి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎలా పేరుస్తారో, నడవడానికి సందులు ఎంత వెడల్పు వదులుతారో, అమ్మోనియా లీకైతే ముక్కుకు ఎలా తెలుస్తుందో రాసుకున్నాను. అంతే. శ్రీశైలం జలాశయం కథ ‘పూర్తి మట్టం’, పులికాట్ ఒడ్డు కథ ‘కౌంట్‌డౌన్’ పత్రికల్లో వచ్చినప్పుడే కుదిరాయి. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అదొక్కటి మళ్లీ సరిచూశాను.

ఇక్కడికి లెక్క: మొదట 27,400 మాటలు, కోసిన తర్వాత 24,600. అచ్చుకు ముందే చదివి చెప్పడానికి ఐదుగురు పాఠకులకు ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయించినందుకు 1,240 రూపాయలు. మొత్తం ఖర్చు: 1,240.

దశ 2: పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం

పత్రికల్లో వచ్చిన రెండు కథలూ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. పాతికేళ్లుగా తెలుగు డీటీపీ చాలావరకు ఆ దారిలోనే నడిచింది కాబట్టి పాత కథలున్న ప్రతి రచయితకూ ఈ పని తప్పదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. కన్వర్టరు వాటిని ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా వాడే యూనికోడ్ తెలుగుగా మారుస్తుంది. మామూలు కథకైతే ఇది చక్కగా పనిచేస్తుంది.

సైన్స్ కథ దగ్గర తేలిపోయింది. కథలో ఇంగ్లీషు పొడి అక్షరాలు, కొలతల గుర్తులు, కోట్ గుర్తులు ఉన్నాయి. అక్షరాలను కాపీ చేసి కన్వర్టర్‌లో వేసినప్పుడు ఏది ఏ ఫాంటులో ఉందో ఆ సమాచారం పోతుంది. అది అన్నింటినీ తెలుగే అనుకుని మార్చేసింది. ‘కౌంట్‌డౌన్’లో రాకెట్ కంట్రోల్ రూమ్ సంభాషణ సగం అర్థంలేని గుణింతాలుగా మారింది.

చివరికి పనిచేసిన పద్ధతి:

1. పేజ్‌మేకర్‌లోనే ఇంగ్లీషు మాటలన్నింటి చోట ఒక గుర్తు, వరుస అంకె పెట్టాలి.
2. ఆ మాటల జాబితా విడిగా ఒక కాగితం మీద రాసుకోవాలి.
3. మిగిలిన తెలుగును మాత్రమే కన్వర్ట్ చేయాలి.
4. గుర్తుల చోట జాబితాలోని మాటల్ని తెలుగు లిపిలో టైపు చేయాలి.
5. అచ్చయిన పత్రిక పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా సరిచూడాలి. ఈ మెట్టు వదలొద్దు.

యూనికోడ్‌లోకి వచ్చాక ఇంకో గండం. పొల్లు తర్వాత మరో హల్లు వస్తే అది వత్తుగా మారిపోతుంది. ‘ఓవర్‌మన్’ అని ఉండాల్సింది ‘ఓవర్మన్’ అవుతుంది, ‘కౌంట్‌డౌన్’ ‘కౌంట్డౌన్’ అవుతుంది. రెంటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని అక్షరం ఒకటి పెట్టాలి. లిబ్రాఫీస్‌లో 200C అని టైపు చేసి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే అది వస్తుంది. అన్నీ పెట్టుకున్నాను. తర్వాత అదనపు ఖాళీలు తీసేయడానికి ఒక మాక్రో (మార్పులన్నీ ఒకేసారి చేసే చిన్న ప్రోగ్రాం) నడిపితే, కనపడని అక్షరాలన్నింటినీ అది కూడా ఊడ్చేసింది. సైన్స్ కథల్లో ఇలాంటి మాటలు పేజీకి నాలుగైదైనా ఉంటాయి. కాబట్టి క్రమం ఇలా పెట్టుకోండి: శుభ్రం చేయడం ముందు, ఈ అక్షరం పెట్టడం చివర. ఆ తర్వాత ఏ మాక్రో నడపొద్దు.

ఈ దశలో డబ్బు ఖర్చు లేదు.

దశ 3: పేజీ కొలతలు

పేజీలు స్క్రైబస్ 1.6లో కట్టాను. ఉచితం, తెలుగు వత్తులు సరిగ్గా కూరుస్తుంది. లోపలి అక్షరాలకు నోటో సెరిఫ్ తెలుగు, కథల పేర్లకు రామభద్ర. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సువి, పుస్తకంలోనూ ఈబుక్‌లోనూ పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

కొలతలు:

1. పేజీ 140 × 216 మిల్లీమీటర్లు.
2. పైన 18, కింద 20 మిల్లీమీటర్ల అంచు. అచ్చు ఎత్తు 178.
3. అక్షరం 11.5 పాయింట్లు, వరుసకీ వరుసకీ మధ్య 17 పాయింట్లు.
4. పేజీకి 29 వరుసలు.

పేజీలు తగ్గుతాయని మొదట 15 పాయింట్ల దూరంతో చూశాను. ‘స్వాతంత్ర్యం’ లాంటి మాట వచ్చిన చోట కింది వత్తు తోక కింది వరుసలోని గుడిని తాకింది. 16 దగ్గర తాకలేదు గానీ పేజీ ఉక్కిరిబిక్కిరిగా ఉంది. 17 దగ్గర కన్ను హాయిగా పోతోంది. ఇంగ్లీషు పుస్తకాల కొలతలు చూసి తెలుగుకు వాడితే కుదరదు. మనకు పైన గుడులు, కింద వత్తులు, రెంటికీ చోటు కావాలి.

రెండు వైపులా అంచులు సమంగా కూర్చినప్పుడు మాటల మధ్య పెద్ద ఖాళీలు పడ్డాయి. తెలుగు మాటలు పొడుగు, వరుసకు ఆరేడు మించి పట్టవు. వరుస చివర మాట విరిచే ఏర్పాటు పెట్టాను. అప్పుడు సంభాషణల్లో రెండక్షరాల మాటలు కూడా విరిగాయి. కనీసం మూడక్షరాలు అటూ ఇటూ ఉంటేనే విరవమని మార్చాక బాగుంది.

మొత్తం 151 పేజీలు వచ్చింది. ఎక్కువ ప్రతులు ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్‌లో 16 పేజీలు ఒక ఫారం. తొమ్మిది ఫారాలైతే 144, పదైతే 160. ఇప్పుడు డిజిటల్‌లో వేస్తున్నా రేపు ఆఫ్‌సెట్‌కు వెళ్లే వీలుండాలని 144కు దించాను. ముందు పేజీలు 8, కథలు 132, చివర ‘కథల వెనక నిజాలు’ 4.

దశ 4: పేజీ తిప్పే చోటు

నా దృష్టిలో ఈ పుస్తకంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఎక్కువ రోజులు తిన్నదీ ఇదే.

పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ, కుడి పేజీ రెండూ ఒకేసారి కంట పడతాయి. భయపెట్టే వాక్యం కుడి పేజీలో కింద ఉంటే, పాఠకుడు ఎడమ పేజీ చదువుతున్నప్పుడే కంటి చివరితో అది చూసేస్తాడు. పొట్టి వాక్యం, చుట్టూ ఖాళీ ఉంటుంది కాబట్టి కన్ను ముందే అక్కడికి పోతుంది. ఆ వాక్యం ఆకు తిప్పాకే కనిపించాలి. అంటే సరి సంఖ్య పేజీలో మొదటి వరుస కావాలి.

‘ఊరి టీవీ’ 9వ పేజీలో మొదలై 34లో ముగుస్తుంది. మూడో రాత్రి పిల్లాడి ప్రశ్న 33వ పేజీ చివరి వరుస కావాలి, జవాబు 34వ పేజీ మొదటి వరుస కావాలి. మొదటి కూర్పులో ఇద్దరి మాటలూ 33 మధ్యలో పడ్డాయి.

దానికంటే చిక్కైనది ఆ అర సెకను. దాన్ని పేజీ మీద ఒక ఖాళీ వరుసతో చూపించాను: ప్రశ్న, ఖాళీ వరుస, జవాబు. రెండో రాత్రి ఖాళీ సగం వరుస. మూడో రాత్రి ఖాళీ లేదు. అయితే మొదటి రాత్రి సంభాషణలో ఒక ఖాళీ వరుస సరిగ్గా పేజీ అడుగున పడింది. పేజీ అడుగున ఖాళీ వరుస అంటే కంటికి అది లేనట్టే. ఆ పేజీ చదివితే మొదటి రాత్రి నుంచే అనౌన్సరు వెంటనే జవాబిస్తున్నట్టుంది. కథ మొత్తం అక్కడే కూలిపోతుంది.

సరిచేసిన విధానం:

1. ఖాళీ వరుసలన్నింటికీ ఎంటర్ నొక్కడం మానేసి, పేరా స్టైల్‌లో ‘ముందు ఖాళీ 17 పాయింట్లు’, ‘8.5 పాయింట్లు’, ‘0’ అని మూడు స్టైళ్లు చేశాను.
2. ప్రశ్న, జవాబు ఒకే పేజీలో ఉండేలా అంతకుముందు పేరాల్లో వరుసలు తగ్గించాను.
3. అక్షరాల మధ్య దూరం బిగించి వరుసలు మిగల్చడం చేయలేదు. తెలుగులో అలా బిగిస్తే వత్తులు పక్క అక్షరం మీదికి పోతాయి. మాటలే తగ్గించాను.
4. 33వ పేజీ దాకా రావడానికి ఇంకా మూడు వరుసలు తగ్గాల్సి వచ్చింది. గుమాస్తా టీ తాగే పేరా పోయింది. దానికి నాకు బాధ లేదు.
5. ఇదంతా అయ్యాక ఆ కథలో ముందు పేజీల్లో ఒక్క మాట కూడా మార్చకూడదని తాళం వేశాను.

ఐదో మెట్టు నిలబడాలంటే ప్రూఫ్ దిద్దడం దీనికి ముందు జరగాలి. నేను కొంత ముందు, కొంత తర్వాత చేయడంతో గని కథలో పేజీలు మళ్లీ కదిలాయి. మీరు చేసేటప్పుడు ప్రూఫ్ పూర్తిగా ముగించాకే ఈ దశకు రండి.

సైన్స్ ఫిక్షన్ పక్కన పెట్టి మామూలు హారర్ మాత్రమే రాసేవాళ్లు ఈ దశ ఒక్కటైనా చదవండి. కథ బాగుండి కూడా పుస్తకంలో భయం వేయకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే అని నా నమ్మకం.

దశ 5: ప్రూఫ్

దిద్దినవారు రిటైరైన తెలుగు మాస్టారు. పేజీకి 20 రూపాయల చొప్పున 144 పేజీలకు 2,880. మొత్తం: 4,120.

ఆయన చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చదువుతారు. “కథ లాక్కుపోతుంటే కన్ను తప్పుల్ని దాటేస్తుందండీ” అన్నారు. మొదటిసారి నాకు నమ్మకం కలగలేదు. దిద్దిన ప్రతి చూశాక నమ్మాను. అప్పటికి నా కళ్లు దాటేసిన ‘అర్థరాత్రి’లన్నీ పట్టుకుని ‘అర్ధరాత్రి’ చేశారు. హారర్ పుస్తకంలో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో చెప్పక్కర్లేదు. శ, ష తేడాలు, ఏకవచనం బహువచనం కలిసిపోయిన క్రియలు కూడా ఎక్కువే.

దశ 6: కాగితం, అట్ట

శాంపిల్ మొదట 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) తెల్ల మ్యాప్‌లితో కాగితం మీద తీయించాను. ఆకు తిప్పే చోటు అంత కష్టపడి కుదిరిస్తే, 34వ పేజీ మొదటి వరుస కాగితం లోంచి 33 మీద నీడలా కనిపించింది! వెలుతురుకు పట్టుకోనక్కర్లేదు, మామూలుగా బల్ల మీద పెట్టినా తెలుస్తోంది. 80 జీఎస్‌ఎం లేత పసుపు కాగితానికి మారాను. నీడ చాలావరకు పోయింది.

అట్టకు వెన్నులా ఉండే పట్టీ (స్పైన్) వెడల్పు ప్రెస్ వాళ్లు ఉజ్జాయింపుగా చెబుతారు. అసలు కాగితం తెప్పించుకుని కొలవడం మంచిది. 72 ఆకులు బిగించి పట్టి వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 7.6 మిల్లీమీటర్లు వచ్చింది. 70 జీఎస్‌ఎంకు వేసుకున్న పాత పట్టీ అంతకన్నా సన్నం, దాంతోనే వెళ్లుంటే పేరు పక్కకు జారేది.

అట్ట చిత్రానికి 6,000. మొత్తం: 10,120. మొదటి డిజైన్ నిండు నలుపు. శాంపిల్ చేతికి రాగానే మ్యాట్ లామినేషన్ మీద గోటి గీతలు, వేలి జిడ్డు తెల్లగా కనిపించాయి. బుక్ ఫెయిర్‌లో వంద చేతులు మారితే పుస్తకం పాతబడిపోతుంది. చిత్రకారుణ్ని అడిగి నేపథ్యాన్ని మట్టి పసుపు చేయించాను, దాని మీద తీగ వల గొడుగు యాంటెనా నల్ల గీతలతో ఉంటుంది. దుకాణంలో నల్ల అట్టల మధ్య ఇది దూరం నుంచే తెలుస్తోంది.

రెండు శాంపిల్ ప్రతులకు 310 చొప్పున 620. మొత్తం: 10,740.

దశ 7: ఈబుక్

ఈబుక్‌కు వాడే ఈపబ్ ఫైలు సిజిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టాను. ఇక్కడ నాలుగో దశలో పడ్డ కష్టమంతా గాల్లో కలుస్తుంది, ఎందుకంటే పాఠకుడు అక్షరం పెద్దది చేస్తే పేజీలు మారిపోతాయి. దీనికి దొరికిన దారి: ఈపబ్ లోపల ప్రతి ఫైలూ కొత్త తెర మీద మొదలవుతుంది. కాబట్టి ‘ఊరి టీవీ’ చివరి భాగాన్ని విడి ఫైలు చేశాను. అక్షరం ఎంత సైజులో పెట్టుకున్నా అనౌన్సరు జవాబు తెర పైభాగానే వస్తుంది.

ఖాళీ వరుసల స్టైళ్లను పాయింట్లలో కాకుండా అక్షర పరిమాణానికి తగ్గట్టు మారే కొలతల్లో పెట్టాలి. ఫైలులో భాష తెలుగు అని రాయాలి, లేకపోతే పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు గొంతుతో మొదలెడుతుంది. ఫాంటు లోపల జత చేసినా కొన్ని పాత ఈ-రీడర్లలో వత్తులు విడివిడిగా పడ్డాయి. అక్షరాలు కూర్చే పని పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ది, ఫాంటు ఒక్కటే దాన్ని సరిచేయలేదు. ఈబుక్ వివరాల్లో ‘ఫోన్, ట్యాబ్‌లలో చదవండి’ అని ముందే రాశాను.

దశ 8: ముద్రణ, వెల, పంపిణీ

పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లక్కర్లేదు. అట్ట ఖరారు కాకముందే దరఖాస్తు పెట్టేయండి, లేకపోతే నంబరు వచ్చేదాకా బార్‌కోడ్ చోటు ఖాళీగా ఉంచి కూర్చోవాల్సి వస్తుంది.

200 ప్రతులు, ప్రతికి 96 చొప్పున 19,200. మొత్తం: 29,940.

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోపు నాలుగు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి మన ఖర్చుతో పంపాలి: కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబై ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. సొంతంగా వేసుకునేవాళ్లు చాలామంది దీన్ని వదిలేస్తారు. చేయండి. మన కథలు మన తర్వాత కూడా ఎక్కడో ఒకచోట దొరకాలంటే ఇదే దారి. ప్యాకింగుతో కలిపి 200. మొత్తం: 30,140.

ఇప్పుడు వెల. మొదట 180 అనుకున్నాను. దుకాణానికి 40 శాతం పోతే చేతికి 108. రెండొందల ప్రతులూ దుకాణాల్లోనే అమ్ముడైనా 21,600, ఖర్చులో మూడొంతుల్లో రెండొంతులకు కాస్త పైన. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు కాబట్టి ఆ బాధ మాత్రం లేదు. 220కి మార్చి మళ్లీ వేశాను:

1. దుకాణాల్లో 100 ప్రతులు, చేతికి 132 చొప్పున: 13,200.
2. నేరుగా 90 ప్రతులు, పోస్టు, కవరు 30 పోగా 190 చొప్పున: 17,100.
3. గ్రంథాలయాలకు 4, ఐదుగురు పాఠకులకు, మాస్టారికి కలిపి 6: ఉచితం.
4. రాబడి 30,300. ఖర్చు కన్నా 160 ఎక్కువ.

నా శ్రమకు ఇందులో విలువ కట్టలేదు. పుస్తకం తన ఖర్చు తాను రాబట్టుకుంటే రెండో ముద్రణకు చేతిలోంచి వేయనక్కర్లేదు, ఇప్పటికి నాకు కావాల్సింది అదే.

పోస్టు గురించి ఒక మాట. పుస్తకం బరువు తూకంలో 200 గ్రాములు, అట్టపెట్టెతో 240. పోస్టాఫీసు వాళ్ల జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. మీ పుస్తకాన్ని ఆ కింద తీసుకుంటారేమో కౌంటర్‌లో ముందే అడగండి, ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో పుస్తకం మీద ఉండాలి. కాగితం ఎంచుకునేటప్పుడే ఈ 300 గ్రాములు మనసులో పెట్టుకుంటే మంచిది. 100 జీఎస్‌ఎం కాగితం మీద వేసినా దాటదు గానీ పేజీలు 200 దాటితే 80 మీద కూడా ప్యాకింగుతో 300 దాటిపోతుంది.

దశ 9: వచ్చాక

హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో జరుగుతాయి. ఇలాంటి పుస్తకానికి ఆ రెండూ ముఖ్యం, ఎందుకంటే పాఠకుడు ఒక పేజీ చదివి కొనుక్కుంటాడు. స్టాల్‌లో పెట్టడానికి గని కథ మొదటి రెండు పేజీలు విడిగా కరపత్రంగా వేస్తున్నాను. ‘ఊరి టీవీ’ అయితే ముందు పేజీలు నెమ్మది, నిలబడి చదివేవాడికి అందదు.

చదివినవాళ్లు ఎత్తిచూపినవి, రెండో ముద్రణలో మారేవి:

1. 61వ పేజీలో ‘సందు’ అన్న మాట రెండు వరుసల్లో నాలుగుసార్లు.
2. గ్రహణం కథలో శీర్షిక కింద తేదీ చిన్న అక్షరాల్లో ఉంది, కొందరు చూడలేదు. పెద్దది చేస్తాను.
3. ‘కథల వెనక నిజాలు’ పుస్తకం చివర ఉన్నా కొందరు ముందే చదివేశారు, దాంతో ముగింపు తెలిసిపోయింది. ఆ పేజీల్లో ముగింపుకు సంబంధించిన వాక్యాలు తీసేస్తాను.

రెండో ముద్రణ ఆఫ్‌సెట్‌లో 500 ప్రతులు అనుకుంటున్నాను. పదో ఫారం తెరిస్తే 16 పేజీలు చేతికొస్తాయి, వాటిలో కొత్త కథ ఒకటి పడుతుంది. రాయడం మొదలైంది. కొల్లేరులో జరుగుతుంది, ఈసారి పేజీ తిప్పే చోటు ముందు పెట్టుకుని దాని వెనక నుంచి రాసుకొస్తున్నాను.